కార్ షోలో బానెట్లు ఎత్తి పెడితే ఫొటో ఎలా తీయాలి?

ట్రాయ్_మురళి
మొన్న శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల జాతరకి వెళ్లాను. డెట్రాయిట్ పక్కనే ఆరేళ్లుగా ఉంటున్నా, వెళ్లడం ఇదే మొదటిసారి. పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా ఎండలో తిరిగి 640 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్కటీ మనసుకు పట్టలేదు.

పార్కింగ్ లాట్లలో నిలబెట్టిన ప్రతి కారుకీ బానెట్ ఎత్తి పెట్టారు. 1957 షెవ్రొలే బెల్ ఎయిర్ ఒకటి ఉంది, లేత నీలం. ముందు నుంచి తీస్తే నోరు తెరిచిన మొసలిలా వచ్చింది. పక్క నుంచి తీస్తే హెడ్‌లైట్ దగ్గర మొదలై వెనక రెక్క దాకా ఒకే ఊపులో సాగాల్సిన గీత మధ్యలో విరిగిపోయింది. పోనీ ఇంజిన్ తీద్దామంటే లోపలంతా చీకటి. ఎయిర్ క్లీనర్ మీది క్రోమ్ మూత మాత్రం తెల్లటి మచ్చలా మెరుస్తోంది, అందులో కెమెరా పట్టుకుని నేను.

అంత ప్రేమగా కాపాడుకున్న కారుని ఇలా ఎందుకు పెడతారు? ఇలాంటి చోట తీసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. నా దగ్గర 24-105 మి.మీ. జూమ్ లెన్సు, ఒక సీపీఎల్ ఫిల్టర్ (మెరుపులు తగ్గించే పోలరైజింగ్ అద్దం) ఉన్నాయి.

బానెట్_బాబాయ్
ఇంజిన్ చూపించడానికే పెడతారు మురళీ. నువ్వు తిరిగిన ఆ వుడ్‌వర్డ్ రోడ్డు మీదే హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ ఉంది. 1913లో ఫోర్డ్ అసెంబ్లీ లైను కదిలింది అక్కడే. ఆ ఊరివాళ్ల తాతలు, తండ్రులు ఇంజిన్లు బిగించి పిల్లల్ని పెంచారు. వాళ్లు బానెట్ మూసి పెడతారా?

గీతల_రావు
నేను మురళి వైపే. కారు చుట్టూ తిరిగి చూడాల్సిన శిల్పం. ఇంజిన్ ఎంత గొప్పదైనా, దాన్ని దాచే రేకుని అంత అందంగా వంచడం ఇంకో గొప్ప పని. కాలిఫోర్నియాలో పాత కార్ల పోటీ జరిగే పెబుల్ బీచ్‌లో చూడండి, తెల్లవారుజామున కార్లు గోల్ఫ్ మైదానం 18వ ఫెయిర్‌వే పచ్చిక మీదికి ఒక్కొక్కటే వస్తాయి. అన్నీ మూసే ఉంటాయి. జడ్జీలు అడిగినప్పుడు తెరుస్తారు, చూపిస్తారు, మళ్లీ మూస్తారు. మర్యాద అంటే అదీ.

బానెట్_బాబాయ్
పెబుల్ బీచ్ పోటీ. వుడ్‌వర్డ్ జాతర. జాతరలో అమ్మవారికి తెర వేస్తారా రావుగారూ?

లెన్సు_లలిత
మురళి గారూ, మీరు పది గంటలకు వెళ్లారు. అప్పటికే అన్నీ తెరిచేస్తారు. నేను డాలస్ దగ్గర జరిగే చిన్న చిన్న షోలకి వెళ్తుంటాను. ఆరున్నరకల్లా గేటు దగ్గర నిలబడతాను. కార్లు లోపలికి వచ్చేటప్పుడు బానెట్ మూసే ఉంటుంది, స్టీరింగ్ వెనక మనిషి ఉంటాడు, ఎండ ఏటవాలుగా పడుతుంది. పార్క్ చేశాక ఓనరు ముందు దుమ్ము తుడుస్తాడు, తర్వాత మడత కుర్చీ వేసుకుంటాడు, ఆ తర్వాతే బానెట్ ఎత్తుతాడు. మధ్యలో దొరికే ఆ పది నిమిషాల్లోనే కారు మొత్తం తీసేయాలి.

ఇంజిన్ల సంగతి వేరు, వాటికి తొందర లేదు. మధ్యాహ్నం ఎండలో ఎత్తిన బానెట్ గొడుగులా నీడ వేస్తుంది. సగం ఎండ, సగం నీడ. ఒకే ఫ్రేములో కెమెరా రెండింటినీ పట్టలేదు. నేను రా ఫైల్‌లో (కెమెరా మార్చని అసలు డేటా) తీస్తాను, ఎక్స్‌పోజర్ క్రోమ్‌కి సరిపోయేలా పెట్టి, నీడల్ని తర్వాత కంప్యూటర్‌లో పైకి లాగుతాను. మరీ తేడా ఉంటే మూడు ఫ్రేములు తీసి కలుపుతాను, మొదటిది 2 స్టాపులు తక్కువ వెలుగుతో, రెండోది సరిగ్గా, మూడోది 2 స్టాపులు ఎక్కువ వెలుగుతో (ఒక్కో స్టాపుకీ వెలుగు రెట్టింపు లేదా సగం).

వీటన్నిటికన్నా బాగా పనిచేసేది ఒక తెల్ల అట్ట. మన ఊళ్లలో పెళ్లి ఫొటోగ్రాఫర్ పక్కన ఒక కుర్రాడు థర్మాకోల్ షీటు పట్టుకుని నిలబడేవాడు కదా, అదే విద్య. డాలర్ షాపులో ఫోమ్ బోర్డు దొరుకుతుంది. ఎండ దాని మీద పడి ఇంజిన్ లోపలికి తిరిగేలా పట్టుకోండి. కార్బొరేటర్ కింది గొట్టాలు, వైర్లు, బ్లాకు మీద పోతపోసిన అంకెలు కూడా బయటికొస్తాయి. ఎపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) ఎఫ్/8 లేదా ఎఫ్/11. అంతకన్నా తెరిస్తే ముందున్న ఫ్యాను పదునుగా వచ్చి వెనకాల అంతా మసకవుతుంది.

ట్రాయ్_మురళి
లలిత గారూ, చాలా థాంక్స్. అట్ట సంగతి నాకు అసలు తట్టలేదు. మరి సీపీఎల్ ఎంత తిప్పినా క్రోమ్ మీద నా ప్రతిబింబం పోలేదు. ఫిల్టర్ నకిలీదా?

ఫిజిక్స్_మాస్టారు
ఫిల్టర్ మంచిదే. పెయింటు, గాజు, నీళ్లు, వీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు ఒక కోణంలో పోలరైజ్ అవుతుంది, అంటే ఒకే దిశలో ఊగుతుంది. అలాంటి వెలుగునే ఈ ఫిల్టర్ ఆపుతుంది. గాజుకైతే, దాని మీద లంబంగా గీసిన గీత నుంచి 56 డిగ్రీల దగ్గర అది గరిష్ఠం. అందుకే విండ్‌షీల్డ్ మీద ఆకాశం మాయమై లోపలి సీట్లు కనిపిస్తాయి. లోహం మీద నుంచి వచ్చే వెలుగు అలా పోలరైజ్ కాదు. క్రోమ్ బంపరు, హబ్ క్యాపు దగ్గర ఫిల్టర్ చేయగలిగింది ఏమీ లేదు.

ఇంకో జాగ్రత్త. ఫిల్టర్ పెట్టి పక్క అద్దాలు, వెనక అద్దం తీస్తే నీలం, ఊదా మచ్చలు రావచ్చు. టఫెన్డ్ గాజులో బిగుసుకున్న ఒత్తిడి అలా కనిపిస్తుంది. కొన్న కొత్తలో నేను లెన్సు పాడైందని తెగ టెన్షన్ పడ్డాను.

ఓరుగల్లు_షట్టర్
క్రోమ్‌లో మనం కనబడకుండా ఉండాలంటే నల్ల చొక్కా వేసుకుని, దూరంగా జరిగి, 100 మి.మీ. దగ్గర తీయాలి. మనిషి చిన్నగా అవుతాడు, నల్లగా కలిసిపోతాడు. తెల్ల చొక్కా వేసుకెళ్తే బంపరు నిండా మనమే.

కారు మొత్తం తీసేటప్పుడు కూడా 24 దగ్గర తీయకు అన్నా. దగ్గరున్న ఫెండరు (చక్రం మీది రేకు) ఉబ్బిపోతుంది, వెనక చక్రం నలిగిపోతుంది. ఫోన్‌లో తీసేవాళ్లూ రెండడుగులు వెనక్కి వెళ్లి జూమ్ లెన్సు వాడండి.

చిట్టి_క్లిక్
ఎర్ర కారయితే ఇంకో గొడవ ఉంది. ఎత్తిన బానెట్ లోపలి వైపు కూడా ఎర్రగానే ఉంటే ఆ రంగు క్రోమ్ మీద, అల్యూమినియం మీద పడి ఇంజిన్ అంతా గులాబీ రంగు తిరుగుతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగులు సరిచేసే పద్ధతి) దాన్ని సరిచేయబోయి పాడు చేస్తుంది. ఎండకి సరిపోయే సెట్టింగ్ ఒకటే పెట్టుకుని వదిలేయండి.

బానెట్_బాబాయ్
చిట్టి మంచి మాట అంది. ఎందుకంటే ఇంజిన్ రంగు ఊరికే వేసిన రంగు కాదు. షెవ్రొలే వీ8 (V ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) నారింజ. 60ల పోంటియాక్ లేత నీలం. ఫోర్డ్ 1966 నుంచి ముదురు నీలం. 30ల డ్యూసెన్‌బర్గ్ జె ఆకుపచ్చ. తెలిసినవాడు వంద అడుగుల దూరం నుంచి రంగు చూసి కంపెనీ చెప్పేస్తాడు. నీ కెమెరా ఆ నారింజని ఎరుపు చేసిందనుకో, చూసేవాడికి వేరే ఇంజిన్ పెట్టారేమోనని అనుమానం వస్తుంది.

గీతల_రావు
ఇంత పట్టింపు ఉన్నవాళ్లే వాల్వ్ కవర్లకీ, బోల్టులకీ, ఆఖరికి బ్యాటరీ పట్టీకి కూడా క్రోమ్ కొట్టిస్తున్నారు. ఫ్యాక్టరీ నుంచి అలా వచ్చిందా? షోలో సగం ఇంజిన్లు నగల దుకాణం కిటికీలా ఉంటున్నాయి. వాటిని తీయడానికి నాకు చెయ్యి రాదు.

బానెట్_బాబాయ్
ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను రావుగారూ. తారీఖు రాసుకోండి.

మధురవాడ_మణి
నాకు ఇంజిన్ల గురించి ఏమీ తెలియదు. ఇంజిన్ ఫొటోలో ఏం చూడాలి? నాకైతే అన్నీ ఒకేలా గొట్టాలు, వైర్లు.

బానెట్_బాబాయ్
మణీ, అడిగావు కాబట్టి కొంచెం పెద్దగా చెప్తాను.

ఒక్కో ఇంజిన్‌కీ ఒక ముఖం ఉంటుంది, దాన్ని వెతుక్కోవాలి. 1932 ఫోర్డ్ వీ8 తీసుకో. వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, అందుకే పైన హెడ్డు (సిలిండర్ల మీది మూత) పలకలా చదునుగా ఉంటుంది. ఫ్లాట్‌హెడ్ అనే పేరు అలా వచ్చింది. 3.6 లీటర్లు, 65 హార్స్ పవర్. అప్పటిదాకా వీ8 అంటే డబ్బున్నవాళ్ల వస్తువు. ఫోర్డ్ బ్లాకు మొత్తాన్ని ఒకే పోతగా పోసి మామూలు మనిషి కారులో పెట్టాడు. దాన్ని పై నుంచి తీయాలి. రెండు వరసల హెడ్డు బోల్టులే దాని అందం.

క్రైస్లర్ 426 హెమీని పక్క నుంచి తీయాలి. స్పార్క్ ప్లగ్గులు సిలిండర్ నడినెత్తిన ఉంటాయి. అందుకని వైర్లు వాల్వ్ కవర్ లోపలికే దూరతాయి, ఒక్కో వైపు నాలుగు. వేరే ఇంజిన్లలో ప్లగ్గులు పక్కన కిందెక్కడో దాక్కుంటాయి. నల్లటి ముడతల పెయింటు కవరు, అందులోకి దిగే నాలుగు వైర్లు, ఆ ఒక్క ఫ్రేము చాలు.

జాగ్వార్ ఈ-టైప్ 1961లో వచ్చింది. దాని బానెట్ ఫెండర్లతో సహా మొత్తం ముందుకు వాలుతుంది. సానపట్టిన రెండు పొడవాటి క్యామ్ కవర్లు, వాటి పక్కన మూడు ఎస్‌యూ కార్బొరేటర్లు. ఆ కారుకి మాత్రం తెరిచినా అందమే, రావుగారు కూడా కాదనరు.

గీతల_రావు
కాదనను.

చిట్టి_క్లిక్
షెవ్రొలే కోర్వైర్ దగ్గర మా ఆయన ముందు బానెట్ ఎప్పుడు తెరుస్తారా అని పావుగంట నిలబడ్డాడు. తెరిస్తే లోపల సూట్‌కేసు. ఇంజిన్ వెనకుంది, గాలితో చల్లబడే ఆరు సిలిండర్లది. ఓనరు, మా ఆయన ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వే ఆ రోజు నా బెస్ట్ ఫొటో.

గోదారి_గట్టు
ఇదంతా చదువుతుంటే మా నాన్న గుర్తొస్తున్నాడు. రాజమండ్రిలో 22 ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. 1489 సీసీ పెట్రోలు బండి. ఆదివారం పొద్దున్నే వాకిట్లో బానెట్ ఎత్తి, నాలుగు ప్లగ్గులూ విప్పి, గచ్చు మీద పాత పేపరు పరిచి వరసగా పెట్టేవాడు. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో కలవకుండా. గరుకు కాగితంతో కొసలు రుద్ది, విరిగిన హ్యాక్‌సా బ్లేడు ముక్క సందులో పెట్టి గ్యాప్ చూసేవాడు. బ్లేడు బిగుతుగా జారాలి, వదులుగా ఊగకూడదు. ఆ ఇంజిన్‌కి ప్లగ్గు గ్యాపు 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అని నేను తర్వాతెప్పుడో పుస్తకంలో చదివాను. బ్లేడు మందం దాదాపు అంతే. ఆయనకి అంకె తెలియదు, వేలికి తెలుసు.

ఆ బండి 2003లో అమ్మేశాం. మా ఇంట్లో ఆ కారు ముందు నిలబడి దిగిన ఫొటోలు పదకొండు ఉన్నాయి. బానెట్ తెరిచి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ఆయన చేతులు ఆ ఇంజిన్ మీద ఉన్న ఫొటో ఒక్కటుంటే ఎంత బాగుండేదో. మురళి గారూ, బానెట్లు ఎత్తి ఉంటే ఇంజిన్ కూడా తీయండి. వదలకండి.

లెన్సు_లలిత
గోదారి గారూ, ఇది చదివి కాసేపు అలా ఉండిపోయాను. నాన్నగారు బాగున్నారా?

గోదారి_గట్టు
బాగున్నారు అక్కా. 76. ఈ థ్రెడ్‌లో ఫొటోలు ఏవైనా పెడితే చూపిస్తాను.

పాతబస్తీ_పిక్సెల్
హైదరాబాదులో ఉన్నవాళ్లు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం ఆర్డరిచ్చాడు. కారు చేతికి రాకముందే 1911లో కన్నుమూశాడు. దాన్ని దూరం నుంచే చూడాలి, బానెట్ తెరవడం అనే మాటే లేదు. లోపల 7 లీటర్లకు పైబడిన ఇంజిన్, ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు బ్లాకులుగా ఉంటాయని చదువుకోవడమే. నాకు ఆ బాధ ఉంది. అందుకే అమెరికాలో రోడ్డు పక్కన ఇంజిన్లు తెరిచి పెట్టి, రండి చూడండి అంటున్నారంటే, మురళి అన్నా, నువ్వు అదృష్టవంతుడివి. 2017లో ఫలక్‌నుమాలో కార్టియే కాంకూర్ అనే పాత కార్ల పోటీ జరిగినప్పుడు ఆహ్వానం ఉన్నవాళ్లకే ప్రవేశం. నేను గేటు బయట రోడ్డు మీద నిలబడి వచ్చిపోయే కార్లు తీసుకున్నాను.

మధురవాడ_మణి
1920ల నాటి బండ్లకి బానెట్ రెండు రెక్కలుగా ఉంటుందని ఎక్కడో చూశాను. నిజమేనా?

బానెట్_బాబాయ్
నిజమే, అది ఫొటోగ్రాఫర్లకి వరం. మధ్యలో కీలు, రెండు పక్కలా రెక్కలు. ఒక రెక్క ఎత్తి రెండోది మూసి పెట్టమని అడగొచ్చు. ఒక పక్క నుంచి ఇంజిన్, ఇంకో పక్క నుంచి పూర్తి కారు. మురళికీ రావుగారికీ నాకూ, అందరికీ న్యాయం.

ఓరుగల్లు_షట్టర్
ఒక విన్నపం. ఇంజిన్ తీయడానికి ఫెండర్ మీద వాలకండి. బెల్టు బకిల్, జీన్స్ బటన్, మెడలో వేలాడే రెండో కెమెరా. పాత లాక్కర్ పెయింటు మీద ఒక్క గీత పడితే ఆ మనిషి నెలల కష్టం పోతుంది. నేను పట్టీ చేతికి చుట్టుకుని, బకిల్ పక్కకి తిప్పుకుని నిలబడతాను. హైదరాబాదులో ఒక ప్రదర్శనలో ఒకాయన ట్రైపాడ్ కాలు తీసుకెళ్లి రన్నింగ్ బోర్డుకి తగిలించాడు. ఓనరు ఒక్క మాటా అనలేదు. వంగి వేలితో ఆ చోటు తడుముకున్నాడంతే. తిట్టినా బాగుండేది అనిపించింది.

లెన్సు_లలిత
దానికి తోడు, ముందు మనిషిని పలకరించండి, కెమెరా తర్వాత. ఖరీదెంత అని మాత్రం అడగొద్దు. ఎన్నేళ్లుగా మీ దగ్గరుంది అని అడగండి. నూటికి తొంభై మంది మొదటి నుంచి చెప్పుకొస్తారు. చెప్పడం అయ్యాక, బానెట్ ఒక్క నిమిషం మూస్తారా, పక్క నుంచి తీసుకుంటాను అంటే ఇప్పటిదాకా నాకు కాదన్నవాళ్లు లేరు.

ట్రాయ్_మురళి
ఏడు గంటల పాటు ఒక్కరితో కూడా మాట్లాడలేదు నేను. అడ్డంగా ఉన్నారని ఓనర్లు కుర్చీలోంచి లేచే దాకా కాచుకున్నాను కూడా. వచ్చే నెల డియర్‌బోర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో ఓల్డ్ కార్ ఫెస్టివల్ ఉంది. 1951 నుంచి నడుస్తోందట, అన్నీ 30ల మొదటి సంవత్సరాల దాకా వచ్చిన బండ్లే. వెళ్లొచ్చి చెప్తాను.

ఓరుగల్లు_షట్టర్
అక్కడ బండ్లు వీధుల్లో తిరుగుతుంటాయి కదా. షట్టర్ 1/30 సెకను పెట్టి కారుతో పాటు కెమెరా తిప్పు. చక్రాల పుల్లలు తిరుగుతున్నట్టు వస్తాయి. 1/1000 పెడితే నడిచే కారు కూడా ఆగిపోయినట్టే ఉంటుంది.

ట్రాయ్_మురళి
వెళ్లొచ్చాను. మూడు వారాలైనా థ్రెడ్ చచ్చిపోలేదు, సంతోషం.

గేటు తెరిచేసరికే అక్కడున్నాను, నల్ల చొక్కా, చంకలో తెల్ల అట్ట. చెక్క చక్రాల ఫోర్డ్ మోడల్ టీ పక్కన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. లలిత గారు చెప్పినట్టే, ఎన్నేళ్లుగా మీ దగ్గరుందండీ అని అడిగాను. వాళ్ల తాత కొన్న బండట. అరగంట చెప్పాడు. చెబుతూనే కుడి రెక్క ఎత్తాడు. నేను అట్ట పట్టుకోబోతే లాక్కుని, నేను పట్టుకుంటా, నువ్వు తీసుకో అన్నాడు.

తర్వాత స్టార్ట్ చేసి చూపించాడు. స్టీరింగ్ కింద ఎడమ వైపు పుల్ల పైకి నెట్టాడు. అది స్పార్క్ టైమింగ్, అంటే నిప్పురవ్వ ఎప్పుడు పడాలో మార్చేది. అది మర్చిపోయి కారు ముందున్న స్టార్టింగ్ హ్యాండిల్ తిప్పితే వెనక్కి తన్ని మణికట్టు విరుగుతుందట. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ పెట్టకూడదని, మిగతా వేళ్ల పక్కనే ఆనించి పట్టుకోవాలని నా చేత కూడా పట్టించి చూపించాడు. తాళం తిప్పగానే డాష్ దగ్గర చెక్క పెట్టెల్లో కాయిళ్లు తుమ్మెదల్లా బుయ్యిమన్నాయి. ఒక్క లాగు. ఇంజిన్ అందుకుంది. ఫ్యాను తిరుగుతుంటే ఆయన రెక్క పట్టుకుని నిలబడ్డాడు. 1/60 దగ్గర తీశాను. ఫ్యాను మసకగా, ఆయన చెయ్యి కదలకుండా వచ్చాయి.

అడగకుండానే రెక్క మూసి, ఇప్పుడు మొత్తం కారు తీసుకో అని పక్కకి జరిగాడు. నేనే ఆయన్ని మళ్లీ పిలిచి పక్కన నిలబడమన్నాను. ఆరు ఫొటోలు పెడుతున్నాను. గోదారి గారూ, నాన్నగారికి చూపించండి.

గీతల_రావు
మూడో ఫొటో అద్భుతం. తెరిచి ఉన్నదే, అయినా అంటున్నాను.

బానెట్_బాబాయ్
రేడియేటరు ఇత్తడిది. అంటే 1916 మోడల్ లేదా అంతకన్నా ముందుది. 17 నుంచి నల్ల రేకు వచ్చింది. కోటిన్నర బండ్లు తయారయ్యాయి మోడల్ టీ, 1908 నుంచి 27 దాకా. అందులో ఇత్తడివి తక్కువ. ఆయన ఏ సంవత్సరం అన్నాడు?

ట్రాయ్_మురళి
1914. ఫొటో ప్రింట్ తీయించి ఆయనకి పోస్టులో పంపుతున్నాను, అడ్రసు తీసుకున్నాను.

గోదారి_గట్టు
నాన్నకి చూపించాను. ఫోన్ దగ్గరగా పట్టుకుని నాలుగో ఫొటో చాలాసేపు చూశాడు. నీళ్ల పంపు ఎక్కడుంది, కనబడట్లేదు అంటున్నాడు.

బానెట్_బాబాయ్
పట్టేశాడు! తొలి 2,500 బండ్ల తర్వాత మోడల్ టీకి పంపు లేదని చెప్పు. ఇంజిన్ దగ్గర వేడెక్కిన నీళ్లు తేలికై పై గొట్టంలోంచి రేడియేటరుకి ఎక్కుతాయి, అక్కడ చల్లబడి కిందికి దిగి మళ్లీ ఇంజిన్‌లోకి వస్తాయి. వేడే వాటిని తిప్పుతుంది.

గోదారి_గట్టు
చెప్పాను. మన రాగి బాయిలర్‌లో కూడా వేడినీళ్లు పైకే చేరతాయిగా, అదే లెక్క అన్నాడు. ఇంకో ఫొటో కావాలట మురళి గారూ. పై గొట్టం ఇంజిన్‌లో ఎక్కడ కలుస్తుందో కనబడేది. ఎడమ రెక్క వైపు నుంచి తీసింది ఏమైనా ఉందా?

ట్రాయ్_మురళి
రెండున్నాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక పెడతాను.